నారు దగ్గర అనకూడని మాట

పొయ్యిలో మట్టి కాలే వాసన తెలియనివాళ్ళు అదృష్టవంతులు. తడిసిన కుక్కనీ పాత గోనెసంచినీ ఒకే గిన్నెలో పెట్టి ఉడకబెడితే వచ్చేలాంటి కంపు అది. ఫిబ్రవరి నెల. బయట మోకాలెత్తు మంచు. చలిగాలి రాకుండా కిటికీ సందులన్నీ గుడ్డపీలికలు కూరి, పైన కాగితం అంటించేసి ఉన్నాయి. అలాంటి ఇంట్లో మా అత్తగారు తోటమట్టిని బేసిన్లకెత్తి ఓవెన్‌లో పెట్టారు. అందులో ఉన్న పురుగూ పుట్రా చావాలట. చచ్చాయో లేదో తెలియదు గానీ ఆ వాసన నా కోటుకీ జుట్టుకీ పట్టి, ట్రామ్‌లో పక్కన కూర్చున్నవాళ్ళు లేచి ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు.

మా రష్యాలో, పెర్మ్ ఊళ్ళో చలికాలం చివర నారు పోయని ఇల్లుండదు. మా అమ్మ కూడా పోసేది, ఒక కిటికీ గట్టు మీద, ఇంట్లో మనుషులు తిరగడానికి చోటుంచి. మా అత్తగారు కపిటొలీనాది అలాంటి వ్యవహారం కాదు. చంద్రుణ్ణి చూసి ముహూర్తం పెట్టేవారు. వంకాయ గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి, మొలకెత్తేదాకా రవికలో దోపుకుని తిరిగేవారు. సూప్ వడ్డించడానికి వంగితే ఆ గుడ్డ చివర బయటికి కనిపించేది. గట్ల నిండా కోసిన పాలడబ్బాలు, పెరుగు కప్పులు. స్నానాల తొట్టి కింద బకెట్లో కోడిరెట్ట నీళ్ళు పులుస్తుండేవి. ఆ బకెట్ మామగారికి ఒళ్ళు తుడవడానికి కొన్నది. తెల్లారి టీ కప్పు ఎత్తితే చిన్న నల్ల ఈగలు తేలుతుండేవి. వాటిని వేలితో తీసి పారేసి తాగడం నా మొగుడు గ్లేబ్‌కి అలవాటైపోయింది. నాకు కాలేదు.

ఇల్లు రెండు గదులు. పెద్ద గదికి దక్షిణపు కిటికీ. ఆ కిటికీ పక్కనే మామగారు ఆర్సేనీ మంచం. జన్మంతా ట్రామ్ నడిపిన మనిషి. కింద వీధి మలుపులో పట్టాలు వంపు తిరుగుతాయి. పోయిన శరత్కాలంలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, ఆ మలుపు చూస్తూ పడుకోవడమే ఆయన పని. ట్రామ్ కాస్త వేగంగా తిరిగితే కనుబొమలు ముడిచేవాడు. ఆ నడిపేవాడి మీద ఆయనకి కోపమొచ్చిందని మాకు తెలిసేది.

మాట కూడా పడిపోయింది. ఒక్కటి తప్ప. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఆయన నోటికి దొరికిన మాట ఒకే ఒక్కటి, స్పాసిబో. ఎవరేం చేసిపెట్టినా కృతజ్ఞతగా మావాళ్ళు అనే మాట. నీళ్ళిస్తే స్పాసిబో. దిండు సర్దితే స్పాసిబో. సూప్ మూతి కాల్చినా స్పాసిబోనే, కాకపోతే పళ్ళు కొరుకుతూ. టీవీలో నచ్చనివాడు కనిపిస్తే అదే మాటని తిట్టులా ఉమ్మేవాడు. అన్నీ అందులోనే చెప్పుకునేవాడు పాపం. కొన్నాళ్ళకి నాకు అన్నీ అర్థమయ్యేవి.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఇన్నా వారం వారం వచ్చేది. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆయన గడ్డం పట్టుకుని, "ఏదీ, ఇవాళెలా ఉన్నారు?" అంటే, ఆయన ఆ మాటని నిదానంగా, ముక్కలు ముక్కలుగా అనేవాడు. ఒకసారి చివరి అక్షరం దగ్గర ఆగి ఇంకేదో అనబోయాడు. పెదాలు గుండ్రంగా తిరిగాయి. బయటికేమీ రాలేదు గానీ ఆవిడ ముఖం విప్పారింది.

"చూశారా? వస్తోంది" అంది నాతో, వీధి గుమ్మం దగ్గర బూట్లేసుకుంటూ. "ఆ ఒక్క మాటనీ ఎంతసేపు ఆడితే అంతసేపు ఆడనివ్వండి. విసుక్కోకండి. దాని వెనకాలే మిగతావి ఉన్నాయి. అది గనక మూసుకుపోయిందా, ఇక నేను వచ్చి చేసేదేమీ ఉండదు."

అత్తగారు కూడా అక్కడే ఉన్నారు. విన్నారు. తలూపారు. ఆ తలూపడం నేను కళ్ళారా చూశాను కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

మార్చి వచ్చేసరికి వంకాయ నారు రెండాకులు వేసింది. వాటిని ఒక్కొక్కటిగా పీకి వేరే కప్పుల్లోకి మార్చాలి. అత్తగారు ట్రేని మామగారి మంచం మీదే, ఆయన కాళ్ళ దగ్గర పెట్టుకుని, పుల్లతో మట్టి కదుపుతూ కూర్చున్నారు. పక్క మీద మట్టి రాలుతోంది. మొక్కలతో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతే వేరు. "రా తల్లీ, రా బంగారం, భయపడకు, నీకు కొత్తిల్లు కడుతున్నా" అంటున్నారు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక ఆ గొంతు నా మీద ఎప్పుడూ వాడలేదు. మొగుడి మీదా వాడగా వినలేదు.

నేను టీ తెచ్చి మామగారికి తాగించాను. ఆయన గుటక వేసి, తృప్తిగా, "స్పాసిబో" అన్నాడు.

అత్తగారి చేతిలో పుల్ల ఆగింది.

"ఏమన్నాడు?"

"టీ ఇచ్చాను కదమ్మా. నాతో అన్నారు."

"నారు ముందా?"

నారు ఇచ్చినవాళ్ళకి కృతజ్ఞత చెప్పకూడదు. చెబితే నారు చస్తుంది. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఎవరైనా మొక్కలిస్తే మూతి బిగించుకుని, డబ్బా చంకన పెట్టుకుని, దొంగసొత్తు పట్టుకెళ్ళినట్టు వెళ్ళిపోవాలి. ఇచ్చినవాళ్ళూ ఏమీ అనుకోరు. కానీ అది ఇచ్చిపుచ్చుకునే చోట సంగతి. టీ తాగి అన్నమాట వంకాయలకి తగులుతుందని నేనెక్కడా వినలేదు. ఆ మాటే అన్నాను.

"నీకేం తెలుసు" అన్నారు ఆవిడ. కీడు తగలకుండా ఎడమ భుజం మీదుగా తుపుక్ తుపుక్‌మని ఉమ్మి, ట్రే ఎత్తుకుని గదిలో అటు చివరికి వెళ్ళి కూర్చున్నారు.

తెల్లారేసరికి ఆ ట్రేలో మొక్కలన్నీ మొదళ్ళు నల్లబడి, మెడలు విరిగినట్టు పడి ఉన్నాయి. నారుకుళ్ళు. ముందురోజు వాటికి కోడిరెట్ట నీళ్ళు ఇంత చెంబుతో పోయడం చూశాను. గది గాలాడదు, మట్టి బురద. కుళ్ళకేం చేస్తుంది? కానీ ఆవిడ మంచం ముందు ట్రే పట్టుకుని నిలబడి, మామగారి కళ్ళ ముందు దాన్ని ఆడించారు.

"చూడు. నువ్వు చేసిన పని చూడు. అన్నీ పోయాయి. సంతోషమేనా?"

ఆయన ట్రే వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. బాధపడ్డాడు. ఏదో ఒకటి చెప్పి ఊరడించాలనుకున్నాడు. ఆయన దగ్గరున్నది ఒక్కటే కదా. వణుకుతూ, బతిమాలుతున్నట్టు, "స్పాసిబో" అన్నాడు.

"విన్నావా?" అన్నారు నా వైపు తిరిగి. "కావాలనే అంటున్నాడు."

ఆ సాయంత్రం గ్లేబ్ పని నుంచి వచ్చేసరికి ఆవిడ నిర్ణయం జరిగిపోయింది. మంచం వసారాలోకి మారుతుంది. వసారా అంటే ఏదో అనుకునేరు. వీధి తలుపుకీ మరుగుదొడ్డికీ మధ్య సందు. అక్కడ కోట్లు తగిలిస్తాం, బూట్లు విప్పుతాం. కిటికీ లేదు. ఇంట్లో నారు లేని చోటు అదొక్కటే.

"మా గదిలోకి తీసుకెళ్దాం" అన్నాను.

"మీ గదిలో పెటూనియా పూలమొక్కలున్నాయిగా."

"వంటింట్లోకి?"

"వంటింట్లో బుట్టమిరప. ఇంక టమాటా పొయ్యాల్సింది అలానే ఉంది. ఏడాదికి సరిపడా కూర ఆ గట్ల మీదే ఉంది రిమ్మా. తినేటప్పుడు మాత్రం అందరికీ కావాలి."

"ఆయనకి ఆ కిటికీ ఒక్కటే ఉందమ్మా."

"టమాటాకీ ఆ కిటికీ ఒక్కటే ఉంది" అన్నారు ఆవిడ. ఎగతాళిగా కాదు. నిజంగానే, నాకు తెలియని విషయం విడమరిచి చెబుతున్నట్టు.

నేను గ్లేబ్ వంక చూశాను. వాడు టీలో ఈగని తీస్తున్నాడు.

"నువ్వేమంటావు?"

"నెలో రెండు నెలలో. మేలో అన్నీ తోటకి పోతాయి కదా. అమ్మని ఎందుకు నొప్పించడం. నాన్నకి ఎక్కడైనా పడుకోవడమేగా" అన్నాడు.

తండ్రి గదిలో పడుకుని అంతా వింటున్నాడు. పక్షవాతం నోటికొచ్చింది గానీ చెవులకి రాలేదు. మొగుడి మీద నాకు అంతకుముందు కోపం వచ్చేది, విసుగు వచ్చేది. ఆ పూట మొదటిసారి రోత పుట్టింది. ఈగని తీసిన వేలు వాడు చొక్కాకి తుడుచుకుంటుంటే చూడలేక ముఖం తిప్పుకున్నాను.

మంచం మార్చడానికి తల్లీకొడుకులిద్దరూ చెరోవైపు పట్టారు. ఆయన ఎడమచేత్తో కిటికీ గట్టు పట్టుకున్నాడు. అత్తగారు ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పారు, నెమ్మదిగానే, మొక్క వేళ్ళు మట్టిలోంచి తీసేటప్పుడు చూపించే ఓపికతోనే. ఆ ఖాళీలో గంటలో అలమర నిలబడింది. అద్దాలకి ఎదురుగా వెలుతురు తిప్పికొట్టే వెండికాగితాలు అంటించారు. అలమర మీద కింది నుంచి పై దాకా టమాటా కప్పులు బారులు తీరాయి.

వసారాలో మామగారి తల పక్కనే మరుగుదొడ్డి తలుపు. ఎవరు లోపలికెళ్ళినా ఆ తలుపు అంచు మంచానికి కొట్టుకునేది. పైన మా కోట్లు వేలాడేవి. వాటి అంచుల నుంచి కరిగిన మంచు దుప్పటి మీద చుక్కలు చుక్కలుగా పడేది. లోపల తొట్టి కింది కోడిరెట్ట బకెట్ కంపు నేరుగా ఆయనకే. తమాషా ఏమిటంటే, నారుకి మాత్రం చన్నీళ్ళు పనికిరావు. రాత్రంతా నిలవుంచి, పొద్దున గోరువెచ్చగా కాచి, మోచేతి మీద చుక్క వేసుకుని చూసి పోసేవారు అత్తగారు. ఆయన ఒళ్ళు తుడిచే గుడ్డ కుళాయి కింద తడిపిన గుడ్డ.

మొదటి రోజుల్లో ఆయన పిలిచేవాడు. అదే మాటతో. దాహమైతే అదే, దుప్పటి జారితే అదే. అక్కడి నుంచి గొంతు పెద్ద గదిలోకి వినపడగానే అత్తగారు పరుగెత్తుకొచ్చి పెదాల మీద వేలుపెట్టేవారు.

"ష్. ఇక్కడికీ వినిపిస్తోంది. అనకు. ఇంకేదైనా అను, అది మాత్రం అనకు."

ఇంకేదైనా అనమంటున్నారు, ఇంకేదీ లేని మనిషిని.

ఒకసారి పెద్ద గది తలుపు కింద గుడ్డ కూరడం చూశాను. చలికేమో అనుకున్నాను. మాట లోపలికి రాకుండానట. నాకు నవ్వు రావలసింది, రాలేదు. "అమ్మా, డాక్టరమ్మ ఏం చెప్పింది? ఆ మాట ఆడనివ్వమంది కదా" అంటే, "డాక్టరమ్మ వచ్చి మనకి టమాటాలు పండించి పెడుతుందా?" అన్నారు.

ఎప్పుడాగిందో సరిగ్గా చెప్పలేను. ఒక పొద్దున జావ పెడుతున్నాను. ఆఖరి చెంచా అయిపోయాక మూతి తుడిచి, అలవాటుగా ఆ మాట కోసం ఒక క్షణం కూర్చున్నాను. రాలేదు. ఆయన నా వంక చూశాడు. తరవాత పెద్ద గది తలుపు వంక చూశాడు. రెండు పెదాలూ లోపలికి మడుచుకుని పళ్ళతో నొక్కిపట్టాడు. తప్పు చేసిన పిల్లలు చేస్తారే, అలా. నేను గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు కడిగాను.

ఆ వారం ఇన్నా వచ్చింది. వసారాలో మంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎందుకిక్కడ పెట్టారంటే, గదిలో గాలి ఆడటం లేదు, ఇక్కడైతే ఆయనకి చల్లగా ఉంటుందన్నారు అత్తగారు. నేను అసలు సంగతి చెప్పాను. ఇన్నా ఆవిడ వంక ఒకసారి చూసి, బూట్లు కూడా విప్పకుండా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గడ్డం పట్టుకుని పలకరించింది. బుజ్జగించింది. తానే ఆ మాటని అని చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అనొచ్చు. నేను చెబుతున్నాగా. అనండి."

మళ్ళీ అడ్డంగా ఊపాడు. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

"ఇప్పుడే నయం" అన్నారు అత్తగారు వెనక నుంచి. "గోల లేదు. బుద్ధిగా పడుకుంటున్నాడు."

ఇన్నా ఇంకో రెండు మూడుసార్లు వచ్చింది. తరవాత రావడం మానేసింది. నేను కింద మెట్ల దగ్గర పట్టుకుని అడిగితే, "ఆయనకి రాక కాదమ్మా, మింగేస్తున్నాడు. దానికి నా దగ్గర మందు లేదు" అని చెప్పి, వెళ్ళిపోయింది.

ఏప్రిల్ చివరికి కామా నది మీద మంచు కదిలింది. నారు అడవిలా పెరిగింది. నిజం చెప్పాలంటే అంత మంచి నారు ఆ భవనంలో ఎవరింట్లోనూ లేదు. కాడలు బొటనవేలంత లావు, ముదురాకుపచ్చ రంగు. పెటూనియాలు అప్పుడే మొగ్గ తొడిగాయి. అత్తగారు దారినపోయేవాళ్ళని పిలిచి మరీ చూపించేవారు. వచ్చినవాళ్ళు వసారాలో మంచం తప్పించుకుని పక్కకి తిరిగి నడిచి, గదిలోకి వెళ్ళి ఆహా ఓహో అనేవాళ్ళు. మిగులు మొక్కలు పట్టుకుని నోరెత్తకుండా బయటపడేవాళ్ళు.

అలా వచ్చినవాళ్ళలో కింది అంతస్తు ఎల్విరా ఒకతి. కొత్తగా దిగారు. ఆమె మొగుడికి సరుకులు మోసే వ్యాన్ ఉంది. ఊరి బయటున్న మా తోటకి నారు చేరేయడానికి ఆ వ్యాన్ కావాలి. అందుకని అత్తగారు ఆమెకి తీసితీసి, బాగా గుబురుగా ఉన్నవే, పెద్ద అట్టపెట్టె నిండా సర్దారు. పైన పెటూనియా కూడా పెట్టారు.

ఎల్విరా పెట్టె ఎత్తుకుని, వసారాలోకి వచ్చి, సరిగ్గా మామగారి మంచం పక్కన ఆగి వెనక్కి తిరిగింది.

"ఎంత మంచి మొక్కలిచ్చారండీ కపిటొలీనా మత్వేయెవ్నా. స్పాసిబో. చాలా చాలా స్పాసిబో."

నేను కోటు తగిలిస్తున్నదాన్ని అలాగే నిలబడ్డాను. మామగారు కళ్ళు పెద్దవి చేసి అత్తగారి వంక చూశాడు. పెద్ద గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల నారంతా వరసలు కట్టి ఉంది.

ఎల్విరాకే గుర్తొచ్చింది. నాలుక కరుచుకుంది. "అయ్యో, అనకూడదు కదూ. మా అమ్మమ్మ చెప్పేది. మర్చిపోయానండీ, ఏమీ అనుకోకండి."

అత్తగారు నవ్వారు. మొక్కలతో మాట్లాడే ఆ గొంతుతోనే, "ఫరవాలేదమ్మా. అవన్నీ ముసలమ్మల మాటలు. ఒక్క మాట అంటే మొక్కలు చస్తాయా ఏమిటి? శుభ్రంగా కాస్తాయి. మీవారితో శనివారం సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పు" అన్నారు.

ఎల్విరా వెళ్ళిపోయింది. అత్తగారు తలుపు గడియ పెట్టి వెనక్కి తిరిగితే ఎదురుగా నేనున్నాను.

"ఏమిటలా చూస్తావు?"

"ఏమీ లేదమ్మా. ముసలమ్మల మాటలేనని ఇప్పుడే తెలిసింది."

"వ్యాన్ నువ్వు తెస్తావా?" అని, చేతుల మట్టి దులుపుకుంటూ గదిలోకి వెళ్ళిపోయారు. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. దులిపిన మట్టి కొంత దుప్పటి మీద పడింది. మామగారు దాన్ని ఎడమచేత్తో నెమ్మదిగా కిందికి తోసేసి, గోడ వైపుకి తిరిగి పడుకున్నాడు. ఆ మనిషి తనంతట తాను పక్కకి తిరగడం పక్షవాతం వచ్చాక నేను చూడటం అదే మొదలు.

శనివారం నారంతా తోటకి వెళ్ళిపోయింది. అలమర విప్పేశారు. మంచం మళ్ళీ కిటికీ దగ్గరికి చేరింది. నేను అద్దాలు తుడిచాను, వెండికాగితం పీకేశాను, కిటికీ సందులకంటించిన కాగితాలు చింపి రెక్కలు బార్లా తెరిచాను. కింద ట్రామ్ మలుపు తిరిగింది, కీచుమంటూ, వేగంగా. ఆయన కనుబొమలు కదలలేదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయన పక్కన కూర్చుని, "ఇక్కడ ఒక్క మొక్క లేదు. చూడండి, ఖాళీ. ఇప్పుడనండి" అన్నాను. ఒక రోజు కాదు, ఆ వేసవంతా అన్నాను. ఆయన ఓపిగ్గా వినేవాడు. చివర్లో నా చేతి మీద చెయ్యి వేసి తట్టేవాడు. పెదాలు మాత్రం మడిచే ఉండేవి.

ఆగస్టులో టమాటాలు విరగకాశాయి. ఎల్విరా తోటలోనూ విరగకాశాయట, బుట్ట పట్టుకొచ్చి చూపించి వెళ్ళింది. అత్తగారు తమ మొదటి కాయలు తెచ్చి, బల్లని మామగారి మంచానికి ఆనించి, అందరినీ కూర్చోబెట్టారు. అరచేతి నిండా పట్టే కాయలు. ఉల్లిపాయ, సోంపాకు, ఉప్పు చల్లారు. బాగా ముగ్గిన ముక్క ఒకటి ఏరి, మామగారి నోట్లో పెట్టారు.

ఆయన నమిలాడు. రసం గడ్డం మీదికి కారితే ఆవిడే తుడిచారు. మింగాడు.

"బాగుందా?" అన్నారు అత్తగారు ముందుకు వంగి. గ్లేబ్ కూడా చెంచా పట్టుకుని ఆగాడు. నేనూ ఆగాను. ట్రామ్ ఒకటి వచ్చి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మామగారు ఆవిడ వంక చూస్తూ నోరు మూసుకున్నాడు.

అత్తగారు చెంచా బల్ల మీద పడేశారు. "చూశావురా గ్లేబ్, మీ నాన్న సంగతి? చలికాలమంతా ఎవరికోసం ఇంత చాకిరీ చేశాను? ఒక్క మాట లేదు. ఎన్ని చేసినా ఒక్క మంచి మాట లేదు. విశ్వాసం లేని మనిషి" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. నిజం నీళ్ళే.

నేను నా ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి ముక్కలన్నీ చెత్తబుట్టలోకి గీకేశాను. గ్లేబ్ ఉప్పు కోసమని వెనకాలే వచ్చి, బుట్టలోకి తొంగిచూశాడు.

"ఏం, టమాటాలో పురుగుందా?"

"టమాటాలో లేదు" అన్నాను.